గాలివాన తరువాత పైకప్పులో దాగిన దెబ్బ

గాలివాన వెలిశాక మా పైకప్పు కింది నుంచి చూస్తే చెక్కుచెదరనట్లే కనిపించింది గాని, పడకగది సీలింగు మూలలో గోధుమరంగు మరక ఒకటి రోజురోజుకూ పెద్దదవుతూ వచ్చింది. మరక ఉన్నచోటే చిల్లు ఉంటుందనుకోకూడదు. నీరు వాసాల వెంట జారి ఎక్కడో దూరాన బొట్లుగా దిగుతుంది. అందుకే టార్చిలైటుతో అటక ఎక్కి తడి జాడను పట్టుకుని వెతకగా, గోడా కప్పూ కలిసేచోట రేకు అంచు గాలికి లేచి, మేకులు వదులై ఉన్నాయి. వాన లేని రోజు చూసి తుప్పు గీకి, రబ్బరు వాషరున్న స్క్రూలతో రేకును బిగించి, అంచు పొడవునా సీలెంటు పట్టించాను. తడిసిన చెక్క పూర్తిగా ఆరేదాకా సీలింగుకు రంగు వేయలేదు, ఎందుకంటే చెమ్మను లోపలే మూసేస్తే బూజు పడుతుంది. కరెంటు తీగల దగ్గర తడి కనిపిస్తే మాత్రం దేన్నీ ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.