వీడియో పాఠం, దాని చుట్టూ ఒక గ్రూపు: టీచర్లు నడపడం ఎలా?

వీడియో పాఠం అనగానే చాలామంది టీచర్లకు కెమెరా, లైట్లు, ఎడిటింగ్ అంటూ టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఈ పనిలో వీడియో తీయడం చిన్న భాగమే. పిల్లలు దాన్ని చూశారా, చూసి ఏం అర్థం చేసుకున్నారు, ఎక్కడ తికమకపడ్డారు? మర్నాడు క్లాసులో అడుగుపెట్టేలోపు టీచరుకు ఇవి తెలియాలి. వాట్సాప్‌లాంటి వేదికలో పెట్టుకునే క్లాసు గ్రూపు అక్కరకొచ్చేది ఇక్కడే.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత వివరణ వినడం ఇంటికి, లెక్కలు చేయడం క్లాసుకు మార్చేశారు. అదే ‘ఫ్లిప్‌డ్ క్లాస్‌రూమ్’గా పేరుపడింది.

1. ఏ ముక్క తీయాలో తేల్చుకోండి

పాఠం మొత్తం తీయొద్దు. ఏటా పిల్లలు ఎక్కడ ఆగిపోతారో, మీరు ఒకే మాట నాలుగుసార్లు ఎక్కడ చెప్పాల్సి వస్తుందో ఆ ముక్క చాలు.

భిన్నాల భాగహారమే చూడండి. ‘తిరగేసి గుణించు’ అన్నది అందరికీ నోటికి వస్తుంది, ఎందుకు తిరగేయాలో చెప్పమంటే నోరు పెగలదు. ముప్పావును అరతో భాగించడమంటే, ముప్పావులో అర ఎన్నిసార్లు ఇముడుతుందని అడగడమే. ఒక కాగితం పట్టీని నాలుగు సమభాగాలుగా మడిచి మూడింటికి రంగు వేయండి. అదే కొలతతో ఇంకో పట్టీని సగానికి కత్తిరించి, రంగు వేసిన భాగం మీద పరచండి. అర ఒకసారి పూర్తిగా పడుతుంది, ఇంకా పావు మిగులుతుంది. ఆ పావు అర పట్టీలో సగం కాబట్టి జవాబు ఒకటిన్నర. చేతులు కనబడేలా దీన్ని తీస్తే నాలుగైదు నిమిషాల వీడియో. పిల్లలు ఆపి, వెనక్కి జరిపి ఎన్నిసార్లైనా చూసుకోవచ్చు.

నిడివి విషయంలో మొహమాటం వద్దు. ఎడ్‌ఎక్స్ ఆన్‌లైన్ కోర్సుల్లో సుమారు 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం, వీడియో ఎంత పొడవున్నా, చూసిన సమయాల మధ్యగతం (వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో పడే విలువ) 6 నిమిషాలు దాటలేదు. తమంతట తాము కోర్సులో చేరినవాళ్ల సంగతే అలా ఉంటే, హోంవర్కు కింద చూసేవాళ్ల నుంచి ఇరవై నిమిషాలు ఆశించడం అత్యాశే.

2. చీటీ రాసుకోండి, స్క్రిప్టు కాదు

రాసుకున్నది చదివితే గొంతు బిగుసుకుంటుంది. చిన్న చీటీ మీద మొదట అడిగే ప్రశ్న, మధ్యలో చూపించాల్సినవి రెండు మూడు, చివర పిల్లలకు వదిలే ప్రశ్న రాసుకుంటే సరిపోతుంది. స్లైడ్లు వాడితే తెర మీద ఉన్న వాక్యాన్నే పైకి చదవొద్దు. కళ్లు ఒక వేగంతో, చెవులు ఇంకో వేగంతో పోతాయి, రెండూ సగం సగమే అందుతాయి. తెర మీద బొమ్మ ఉంచి, నోటితో వివరించండి.

3. ఫోనుతోనే తీయండి

బల్ల పైన ఉన్న అల్మారా అంచున ఫోనును కెమెరా భాగం బయటికి వచ్చేలా పెట్టి, మీద బరువైన పుస్తకం ఉంచితే కింద పెట్టిన కాగితం నేరుగా కనిపిస్తుంది. వెలుతురు పక్క నుంచి రావాలి, లేకపోతే మీ చేతి నీడే పాఠమంతా కప్పేస్తుంది. లెన్స్ తుడవండి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాను ఆపండి.

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం చూడటం మానేస్తారు. అందుకే ముందు అర నిమిషం రికార్డు చేసి విని చూసుకోండి. మాట తడబడితే ఆ వాక్యం మళ్లీ చెప్పి ముందుకెళ్లండి. క్లాసులోనూ మనం చేసేది అదే కదా.

పిల్లల ముఖాలు, పేర్లు, మార్కుల కాగితాలు ఫ్రేములో ఉండకూడదు. ఎవరైనా కనబడక తప్పదంటే ముందే తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి.

4. అప్‌లోడ్ చేసేటప్పుడు

యూట్యూబ్‌లో పెడితే ‘అన్‌లిస్టెడ్’ ఎంచుకోండి. వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. అలాగని రహస్యమేమీ కాదు, ఆ లింకు ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు. వీడియో పిల్లల కోసమేనని గుర్తు పెడితే కామెంట్లు మూసుకుపోతాయి. అదీ మంచిదే, చర్చ మీ గ్రూపులో జరగాలి.

డిస్క్రిప్షన్‌లో 0:00తో మొదలుపెట్టి కనీసం మూడు సమయాలు రాస్తే వీడియో అధ్యాయాలుగా విడిపోతుంది. డేటా చాలనివాళ్లు, ఫోను దొరకనివాళ్లు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్ల కోసం తక్కువ సైజు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచి బడిలోనే చూసే వీలు కల్పించండి.

5. గ్రూపుకు ముందే హద్దులు గీయండి

అసలు తలనొప్పులన్నీ ఇక్కడే. మామూలు వాట్సాప్ గ్రూపులో సభ్యుల ఫోను నంబర్లు ఒకరివి ఒకరికి కనిపిస్తాయి. టెలిగ్రామ్ ఛానల్‌లో చేరినవాళ్లు ఒకరికొకరు కనబడరు. గూగుల్ క్లాస్‌రూమ్‌కు ఫోను నంబర్ల పనే లేదు. ఇలాంటి వేదికల్లో చాలావాటికి కనీస వయసు 13 ఏళ్లు. అంతకన్నా చిన్నపిల్లలైతే గ్రూపు తల్లిదండ్రులతోనే పెట్టండి. ఏదో ఒక్క వేదికే వాడండి. నాలుగు చోట్ల పెడితే ఎక్కడ ఏం చెప్పారో మీకే గుర్తుండదు.

గ్రూపు తెరిచిన రోజే చెప్పాల్సినవి:

- సందేహాలు ఏ వేళ అడగాలి, జవాబు ఎప్పుడు వస్తుంది. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టి, పొద్దున్నే ‘చూడలేదా మేడం?’ అని అడిగే అలవాటు మొదట్లోనే ఆగాలి.
- పండగ శుభాకాంక్షలు, ఫార్వర్డ్‌లు పనికిరావు.
- మార్కులు, మందలింపులు ఇక్కడ ఉండవు.

ఇంకో టీచరును కూడా అడ్మిన్‌గా పెట్టండి. పిల్లలతో విడిగా చాటింగ్ చేయకండి. ఎవరైనా విడిగా సందేహం పంపితే, పేరు తీసేసి జవాబును గ్రూపులోనే ఇవ్వండి. అందరికీ పనికొస్తుంది, మీకూ రక్షణ.

6. లింకుతోపాటు ఒకే ఒక్క ప్రశ్న పంపండి

‘అందరూ వీడియో చూడండి’ అని వదిలేస్తే బొటనవేలు బొమ్మలు వస్తాయి తప్ప చూశారో లేదో తెలియదు. పోల్ గానీ, గూగుల్ ఫామ్ గానీ పెట్టండి. పైన చెప్పిన భిన్నాల వీడియోకైతే, రంగు భాగం మీద అర పట్టీ పరిచాక మిగిలిన ముక్క చూపించి ‘జవాబు ఎంత?’ అని అడిగి, ఒకటింపావు, ఒకటిన్నర, రెండు అని మూడు ఎంపికలివ్వండి. ఒకటింపావు అన్నవాళ్లు మిగిలిన పావును కాగితం మొత్తంతో కొలిచారు, అర పట్టీతో కొలవలేదు. తప్పు జవాబే వాళ్లు ఎలా ఆలోచించారో బయటపెడుతుంది. అందుకే ఎంపికలు తోచినట్టు ఇవ్వకుండా, పిల్లలు నిజంగా చేసే పొరపాట్ల నుంచి తీసుకోండి. పోల్‌లో ఎవరు ఏది ఎంచుకున్నారో అందరికీ కనబడితే బిడియస్తులు వెనకడుగు వేస్తారు, అలాంటప్పుడు ఫామ్ నయం.

7. క్లాసును ఆ జవాబులతో మొదలుపెట్టండి

వీడియోలో చెప్పిందే మళ్లీ చెప్పారో, రేపటి నుంచి ఎవరూ వీడియో చూడరు. ‘కొందరు ఒకటింపావు అన్నారు, ఎందుకై ఉంటుంది?’ అని పేర్లు ఎత్తకుండా అడిగి, పట్టీలు వాళ్ల చేతికే ఇవ్వండి. చూడనివాళ్లను పక్కన కూర్చోబెట్టి చూపించండి, మిగతావాళ్లు లెక్కల్లోకి దిగుతారు.

యూట్యూబ్ స్టూడియోలో జనం ఏ నిమిషం దగ్గర వదిలేశారో చూపే గ్రాఫు ఉంటుంది గానీ, వ్యూస్ తక్కువైతే వివరంగా రాదు. ఒక్క క్లాసుకు పంపిన వీడియోకు ఫామ్ జవాబులే నమ్మదగ్గ లెక్క. సగం మంది ఒకేచోట తప్పు చేస్తే ఆ ముక్క మాత్రమే మళ్లీ తీయండి.

ఏడాది చివర గ్రూపు మూసేయండి, నంబర్లు తీసేయండి. పిల్లలు అడిగిన సందేహాలను మాత్రం పేర్లు లేకుండా ఒక ఫైల్లో దాచుకోండి. వచ్చే ఏడు ఏ వీడియోలు తీయాలో ఆ ఫైలు చూసి తేల్చుకోవచ్చు.