క్రిస్మస్ చీజ్‌కేక్: అడుగున బిస్కెట్ పొర వేసే ముందు
లెక్క 9 అంగుళాల టిన్నుకు: 200 గ్రాముల బిస్కెట్లు, 90 గ్రాముల వెన్న.

నీళ్ల ట్రేలో బేక్ చేస్తున్నారా? క్లిప్పు టిన్ను (పక్క క్లిప్పు తీస్తే అడుగు విడిగా వచ్చేది) అడుగు నుంచి నీరెక్కితే పొర నాని, కేకంతా పాడవుతుంది. బయట ఫాయిల్ చుడదామంటే, ఇక్కడ మామూలుగా దొరికే ఫాయిల్ వెడల్పు చాలదు, రెండు ముక్కలు కలిపిన చోటే కారుతుంది. టిన్నును అంగుళం పెద్దదైన ఇంకో కేకు టిన్నులో దించి, దాన్ని నీళ్లలో పెట్టడమే నయం.

వెన్న ఉప్పు లేనిదే తీసుకోండి. డైజెస్టివ్ బిస్కెట్లకు 90 గ్రాములు సరిపోతుంది. మారీ పొడిగా ఉంటుంది కాబట్టి ఇంకో 15–20 గ్రాములు అడుగుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందున జిడ్డు కారకూడదు. వెన్న ఎక్కువైతే ఓవెన్లో అంచులు జారిపోతాయి.

బిస్కెట్ పొడి బొంబాయి రవ్వంత ఉండాలి. పెద్ద పలుకులుంటే కోసేటప్పుడు విరుగుతుంది.

గ్లాసు అడుగుతో అదమండి, బలమంతా వాడొద్దు. మరీ గట్టిగా అదిమితే తినేటప్పుడు ఫోర్కు దిగదు.

175 డిగ్రీల దగ్గర 8–10 నిమిషాలు ముందే కాల్చి, పూర్తిగా చల్లారాకే మిశ్రమం పోయండి. బేక్ చేయని రకానికైతే ఫ్రిజ్‌లో అరగంట చాలు.

గాజు పాత్రను ఫ్రిజ్‌లోంచి నేరుగా వేడి ఓవెన్లోకి పెట్టకండి, పగలొచ్చు.