సెవెన్ కార్డ్ స్టడ్‌లో సంభావ్యత: తెరిచిన ముక్కలను లెక్కలోకి తీసుకోవడం ఎలా

పోకర్ పేకాటలో ఒక రకమైన సెవెన్ కార్డ్ స్టడ్‌లో ఒక్కొక్కరికి ఏడు ముక్కలు వస్తాయి. మొదట రెండు మూసి, ఒకటి తెరిచి పంచుతారు. తర్వాత మూడు ముక్కలను ఒక్కొక్కటిగా తెరిచి వేసి, చివరిదాన్ని మళ్లీ మూసి ఇస్తారు. మొదటి మూడు ముక్కలు పడ్డాక ఒకసారి, ఆపై ప్రతి ముక్కకూ ఒకసారి పందెం నడుస్తుంది. ఏడింటిలో మేలైన ఐదు ముక్కలే చివరికి లెక్కకు వస్తాయి. ఎనిమిది మంది ఆడుతున్నప్పుడు, మొదటి పందెం కట్టకముందే మీ మూడు ముక్కలు, ఇతరుల ముందు తెరిచిన ఏడు ముక్కలు కలిపి మొత్తం పది మీకు తెలిసిపోతాయి. స్టడ్‌లో సంభావ్యత లెక్కను ఈ పది ముక్కల నుంచే మొదలుపెట్టాలి తప్ప, కంఠతా పట్టిన శాతాల నుంచి కాదు.

మీకు మొదటి మూడూ ఆఠీన్లే పడ్డాయనుకుందాం. ఫ్లష్ కావాలంటే, అంటే ఒకే గుర్తు ముక్కలు ఐదు కావాలంటే, రాబోయే నాలుగింటిలో కనీసం రెండు ఆఠీన్లు రావాలి. ఇతరుల ముక్కలను అసలు చూడకపోతే మిగిలిన 49 ముక్కల్లో 10 ఆఠీన్లు ఉంటాయి కాబట్టి అవకాశం దాదాపు 18 శాతం. ఇప్పుడు బల్ల చుట్టూ చూడండి. తెరిచిన ఏడు ముక్కల్లో ఒక్క ఆఠీను కూడా లేకపోతే మిగిలినవి 42, వాటిలో ఆఠీన్లు పదికి పదీ ఉన్నట్టే, అవకాశం 23.6 శాతానికి పెరుగుతుంది. అదే ఏడింటిలో మూడు ఆఠీన్లు కనబడితే 12.3 శాతానికి పడిపోతుంది. మీ చేతిలోని ముక్కలు అవే అయినా అవకాశం రెండింతలు తేడాగా ఉంది. మొదటి సందర్భంలో ఆటలో ఉండవచ్చు. రెండో సందర్భంలో చేతిలో పెద్ద ముక్కల బలం కూడా లేకపోతే ఫోల్డ్ చేయడమే, అంటే ముక్కలు వదిలేసి ఆ ఆట నుంచి తప్పుకోవడమే మేలని నా అభిప్రాయం.

నాలుగో ముక్క పడగానే ఈ లెక్క మళ్లీ వేయాలి, ఎందుకంటే ఇక్కడే అవకాశం బాగా మారుతుంది. పైన చెప్పిన మంచి సందర్భంలో నాలుగోది కూడా ఆఠీనే అయితే ఫ్లష్ అవకాశం సుమారు 53 శాతం. వేరే గుర్తు వస్తే సుమారు 14 శాతం మాత్రమే. ఇతరులకు కొత్తగా పడిన ముక్కలను బట్టి ఈ రెండు అంకెలూ కొంత అటూ ఇటూ జరుగుతాయి. ఆశతో మరో ముక్క చూద్దామని పందెం కట్టేవారు నష్టపోయేది ఎక్కువగా ఈ రెండో సందర్భంలోనే.

జతల విషయంలోనూ పద్ధతి ఇదే. మీకు రెండు రాజులుండి, తెరిచిన ఏడింటిలో రాజు కనబడకపోతే, మిగిలిన నాలుగు ముక్కల్లో మరో రాజు రావడానికి 18 శాతానికి పైగా అవకాశం ఉంటుంది. ఎదుటివారి ముందు ఒక రాజు తెరిచి ఉంటే అది 9.5 శాతమే.

రమ్మీలో ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పారేశారో గుర్తుపెట్టుకునే అలవాటు ఉన్నవారికి ఈ ఆటలో సగం పని సులువవుతుంది. అయితే ఒక ఆటగాడు ఫోల్డ్ చేయగానే అతని ముక్కలను బల్లమీద నుంచి తీసేస్తారు కాబట్టి, తర్వాత చూడవచ్చులే అనుకుంటే కుదరదు. అన్నింటినీ గుర్తుంచుకోవలసిన పని లేదు. మీకు కావలసిన గుర్తువి ఎన్ని కనబడ్డాయి, మీ జతకు సరిపోయేవి ఎన్ని పోయాయి, మొత్తం ఎన్ని ముక్కలు చూశారు అనే మూడు అంకెలను మనసులో నడుపుతూ ఉంటే చాలు.

ఇక పందెం సంగతి. ఆరు ముక్కలు పడేసరికి మీ దగ్గర నాలుగు ఆఠీన్లున్నాయి. ఇప్పటిదాకా ఇతరులవి 14 ముక్కలు చూశారు, వాటిలో రెండు ఆఠీన్లు. చూడని ముక్కలు 32, వాటిలో ఆఠీన్లు 7, అవకాశం 21.9 శాతం. ఎదుటివారి పందెంతో కలిపి పాట్‌లో, అంటే అందరూ కట్టిన పందేల మొత్తంలో, 600 చిప్స్ (పందెం బిళ్లలు) ఉన్నాయి, మీరు కట్టవలసింది 100. మీది కూడా కలిస్తే పాట్ 700, అందులో మీ వాటా 14.3 శాతం. అవకాశం అంతకంటే ఎక్కువగా ఉంది కాబట్టి కాల్ చేయాలి, అంటే ఆ 100 కట్టి ఆటలో కొనసాగాలి. కనబడినవి రెండు కాక ఐదు ఆఠీన్లయితే 32లో నాలుగే మిగులుతాయి, అంటే 12.5 శాతం, అప్పుడు అదే పాట్‌కు, అదే పందేనికి ఫోల్డ్ చేయాలి.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది: ఆ ఏడు ఆఠీన్లలో కొన్ని ఎదుటివారి మూసిన ముక్కల్లోనే ఉండవచ్చు కదా, వాటిని తీసేయవద్దా? తీసేయకూడదు. మూసిన ముక్కలు కూడా ఆ 32లో భాగమే. పేకలో మిగిలినదైనా ఎదుటివారి చేతిలో మూసి ఉన్నదైనా మీరు చూడనిదే కాబట్టి, రెంటినీ కలిపి లెక్కించినప్పుడు నిష్పత్తి సరిగ్గానే వస్తుంది.

తగ్గించుకోవలసింది మరోచోట ఉంది. ఎదుటివారి ముందు జత తెరిచి ఉంటే వారికి ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు ముక్కలు) కుదరవచ్చు, అప్పుడు మీ ఫ్లష్ వచ్చినా ఓడిపోతుంది. ఐదింట ఒకసారి అలా జరగవచ్చని మీరు అంచనా వేస్తే 21.9 శాతం సుమారు 17.5 అవుతుంది. పైగా ఓడిన ప్రతిసారీ చివరి పందెం కూడా పోతుందని గుర్తుంచుకోవాలి. ఈ అంచనా మాత్రం ఎదుటివారు పందెం కట్టే తీరును చూసి మీరు స్వయంగా వేసుకోవలసిందే.

ఈ సాధనకు డబ్బు పెట్టనక్కర్లేదు. డబ్బు పందేలతో ఆడే ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్ట సవరణలతో నిషేధించాయి కూడా. ఇంట్లో ఒక పేక కట్ట కలిపి మీకు మూడు ముక్కలు, ఊహించుకున్న ఏడుగురికి తెరిచిన ముక్క ఒక్కొక్కటి వేయండి. వాటిని కొద్దిసేపు చూసి బోర్లించి, ఆ మూడు అంకెలనూ కాగితం మీద రాసి, తర్వాత ముక్కలు తిప్పి సరిచూసుకోండి. తప్పు లేకుండా చెప్పగలుగుతున్నప్పుడు నాలుగో ముక్క, ఐదో ముక్క కూడా కలుపుతూ పోవచ్చు.