ఘన బహుపదికి శూన్యాలు కనుక్కోవడం

హనుమకొండలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెబుతుంటాను. ఘన బహుపది (ఎక్స్ గరిష్ఠ ఘాతం 3గా ఉన్న బహుపది) ఇవ్వగానే సగం మంది ఎక్స్ స్థానంలో 1, 2, 3, 4 అని వరసగా వేసుకుంటూ పోయి, నాలుగైదు ప్రయత్నాలయ్యాక కలం కింద పెట్టేస్తారు. ఏ సంఖ్యలను వేసి చూడాలో ఆ బహుపదిని అడిగితే అదే చెబుతుంది.

చరరాశికి ఏ విలువ ఇస్తే బహుపది సున్న అవుతుందో ఆ విలువే దాని శూన్యం. గ్రాఫు ఎక్స్-అక్షాన్ని కలిసే చోటు అదే. వర్గ బహుపదికైతే మధ్యపదాన్ని విడగొట్టడమో, సూత్రం వాడటమో చాలు. ఆ సూత్రానికి శ్రీధరాచార్యుడి పేరు ఉంది. ఆయన బీజగణిత గ్రంథం దొరకకపోయినా, భాస్కరాచార్యుడు ఉటంకించడం వల్ల అందులోని నియమం మనకు దక్కింది.

ఇప్పుడు 2ఎక్స్³ − 3ఎక్స్² − 11ఎక్స్ + 6 తీసుకుందాం. గుణకాలన్నీ పూర్ణాంకాలైన బహుపదికి సున్న కాని అకరణీయ శూన్యం (పూర్ణాంకాల భిన్నంగా రాయగలిగేది) ఉంటే, దానిని కనిష్ఠ రూపంలో రాసినప్పుడు లవం స్థిరపదాన్నీ, హారం మొదటి గుణకాన్నీ నిశ్శేషంగా భాగించి తీరాలి. కనుక ఇక్కడ చూడవలసినవి 1, 2, 3, 6, 1/2, 3/2, వాటి ఋణ విలువలు మాత్రమే. 4, 5 వేయడం దండగ.

ఈ పన్నెండింటినీ వరసగా వేయనక్కరలేదు. ఎక్స్ = 0 అయితే విలువ 6 (స్థిరపదమే), ఎక్స్ = 1 అయితే గుణకాల మొత్తం, అంటే −6. ధనం నుంచి ఋణానికి వచ్చిందంటే గ్రాఫు 0, 1 మధ్య ఎక్కడో అక్షాన్ని దాటింది. మన జాబితాలో ఆ మధ్యలో ఉన్నది 1/2 ఒక్కటే! వేసి చూస్తే 1/4 − 3/4 − 11/2 + 6 = 0. భిన్నాలంటే భయపడి పిల్లలు చివరికి వదిలేసే సంఖ్య ఇక్కడ మొదటే దొరికింది.

1/2 శూన్యం కాబట్టి, తరువాత బహుపదిని ఎక్స్ − 1/2తో భాగించాలి; దానికి గుణకాలు చాలు. 2, −3, −11, 6 రాసి, 2ను కిందికి దింపి, వచ్చిన ప్రతిదాన్నీ 1/2తో గుణించి పక్క గుణకానికి కలుపుతూ పోతే 2, −2, −12, శేషం 0 వస్తాయి. భాగఫలం 2ఎక్స్² − 2ఎక్స్ − 12. 2 ఉమ్మడిగా తీసేస్తే ఎక్స్² − ఎక్స్ − 6, దాని శూన్యాలు 3, −2.

ఈ భాగహారంలో లేని పదానికి సున్న రాయడం మరవకూడదు. కాజీపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి ఎక్స్³ − 7ఎక్స్ + 6కు 1, −7, 6 అని మూడే గుణకాలు రాసి శూన్యం 1తో (అంటే ఎక్స్ − 1తో) భాగించింది. శేషం సున్నే వచ్చింది, భాగఫలం ఎక్స్ − 6 అని తేల్చి, శూన్యాలు 1, 6 అని రాసేసింది. "శేషం సున్న వచ్చింది కద సార్" అన్నది. "6 వేసి చూడమ్మా" అన్నాను. 216 − 42 + 6, అంటే 180 వచ్చింది. 1తో భాగించినప్పుడు శేషం గుణకాల మొత్తమే కాబట్టి, మధ్యలో సున్న జారిపోయినా శేషంలో ఆ తప్పు బయటపడదు. 1, 0, −7, 6 అని రాస్తే భాగఫలం ఎక్స్² + ఎక్స్ − 6 అయి, మిగతా శూన్యాలు 2, −3 అని తేలుతుంది.

జాబితాలో ఏదీ కుదరకపోతే మీ లెక్క తప్పనుకోకండి. ఎక్స్³ − 2కు 1, 2, వాటి ఋణ విలువలు ఏవీ పనికిరావు. దాని వాస్తవ శూన్యం 2 యొక్క ఘనమూలం, అది కరణీయ సంఖ్య. భాగఫలంగా వచ్చిన వర్గ బహుపది విచక్షణి (సూత్రంలో వర్గమూలం కింద వచ్చే విలువ) ఋణమైతే ఇక వాస్తవ శూన్యాలు లేవని రాసి ఆపవచ్చు.

జవాబు రాశాక సరిచూడటానికి అర నిమిషం చాలు. మొదటి లెక్కలో శూన్యాల మొత్తం 1/2 + 3 − 2 = 3/2; రెండో గుణకం −3ను 2తో భాగించి గుర్తు మార్చితే అదే. లబ్ధం −3, స్థిరపదం 6ను 2తో భాగించి గుర్తు మార్చినా అదే. ఆ అమ్మాయి రాసిన 1, 6ల మొత్తం 7. లేని ఎక్స్² పదం ప్రకారం శూన్యాల మొత్తం 0 కావాలి.