అటక మీది బొంతలకు ముక్క వాసన: నాకు పనిచేసిన పద్ధతి

ఏటా వానాకాలంలో అటక మీంచి బొంతలు దించితే ముక్క వాసన. బొమ్మల కొలువు పెట్టె అడుగున బూజు కూడా. కలరా ఉండలు, ఎండు వేపాకు, జిప్ కవర్లు అన్నీ అయ్యాయి, లాభం లేదు.

ఈసారి అటక మొత్తం ఖాళీ చేశాను. వెనక గోడ మీద అరచెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా తగిలింది. అవతల బాత్రూమ్! బొంతలన్నీ ఆ గోడకే ఆనించి ఉన్నాయి.

ముందు రెండు రోజులు అటకను ఆరనిచ్చాను. తర్వాత ఇటుకల మీద చెక్కలు పరిచి, గోడకు జానెడు ఖాళీ వదిలాను. బొంతలు ఎండబెట్టాక వెంటనే మూట కట్టలేదు. వేడి పూర్తిగా తగ్గాక, సాయంత్రం పాత నూలు చీరల్లో చుట్టాను. అసలు కిటుకు ఇదే అనిపిస్తోంది. ఇత్తడి బిందెలు మాత్రం కింద గదిలోకి మార్చాను, స్టూలెక్కి అంత బరువు దించడం ఈ వయసులో నావల్ల కాదు.

ఒక వానాకాలం గడిచింది, వాసన లేదు. మాది కొద్దిపాటి చెమ్మే. గోడలో పైపు కారుతుంటే ఇది చాలదు, ప్లంబర్‌ని పిలవాల్సిందే.