ఎండాకాలం ముందు సముద్రగుర్రాల ట్యాంకు: చూసుకోవాల్సినవి

ఇండియాలో ఉంటే అసలు కొనకండి. 2001 నుంచి వీటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, అమ్మినా పెంచినా కేసే. ఈ మాటలు అమెరికాలాంటి చోట్ల పెంచే మనవాళ్ల కోసం.

నీటి వేడి 24 డిగ్రీలు దాటనివ్వకండి. ఎరెక్టస్ అనే సముద్రగుర్రం రకానికి 21–23 బాగుంటుంది. వేడెక్కితే విబ్రియో బ్యాక్టీరియా రెచ్చిపోతుంది, తోక మీద తెల్లటి పుండు కనబడేసరికి ఆలస్యమైపోతుంది. ఊరెళ్తూ ఏసీ కట్టేసే అలవాటుందా? ముందే చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) పెట్టించండి. నీటిపై చిన్న ఫ్యాన్ ఆడించినా కొంత చల్లబడుతుంది, కానీ నీరు ఆవిరై ఉప్పు పెరుగుతుంది. రోజూ ఉప్పు కలపని మంచినీళ్లు పోసి మట్టం సరిచేయాలి.

ట్యాంకులో పుట్టి పెరిగినవే తీసుకోండి. సముద్రంలో పట్టినవి చాలావరకు ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన, రొయ్యల్లాంటి చిన్న జీవుల మేత) ముట్టవు. అమ్మేవాణ్ని మీ ఎదుటే మేత వేయమనండి. సముద్రగుర్రం కన్ను తిప్పి చూసి, మూతి గురిపెట్టి, టక్కున పీల్చేయాలి.

వీటికి జీర్ణాశయం ఉండదు, తిన్నది త్వరగా వెళ్లిపోతుంది. రోజుకు రెండుమూడు పూటలు మేత వేసే మనిషి ఇంట్లో ఉండాలి.

క్లౌన్‌ఫిష్‌తో కలపొద్దు. మేతంతా అదే లాగించేస్తుంది.

అనిమోన్ (పువ్వులా కనబడి, తాకితే కుట్టే సముద్రజీవి) అసలే వద్దు, సముద్రగుర్రం దానికి తోక చుట్టబోతే తోక కాలుతుంది.

ఫిల్టరు నీరు పీల్చే మూతికి స్పాంజి తొడగండి.