రోటవేటర్ కొంటున్నారా? చైన్‌దో గేర్‌దో ఇలా తేల్చుకోండి

రోటవేటర్ అంటే ట్రాక్టర్ వెనక తగిలించి, తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసేది. కళ్యాణదుర్గం చుట్టుపక్కల బాడుగ సేద్యం చేస్తూ చైన్‌దీ, గేర్‌దీ రెండు రకాల రోటవేటర్లూ తిప్పాను. ధర తక్కువని చైన్‌ది తెచ్చుకుని, తీరా వాన పడ్డాక చేలో నిలబెట్టుకున్న రైతులను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మాకు వానే అరుదు. ఎర్రనేలలో పదును నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. ఆ నాలుగు రోజులు ఆగకుండా తిరిగేదే మంచి రోటవేటర్.

ముందు సైజు చూసుకోండి. 35-40 హెచ్‌పీ ట్రాక్టర్‌కు 5 అడుగులది, 45-50 హెచ్‌పీకి 6 అడుగులది. పీటీఓ (ట్రాక్టర్ వెనక తిరుగుతూ బలాన్నిచ్చే ఇరుసు) నిమిషానికి 540 చుట్ల మీద నడిచేది, ఎల్ ఆకారపు బ్లేళ్లది తీసుకోండి. ఇందులో ఆలోచించేదేమీ లేదు.

తర్వాత నేల. నడిమి గేర్‌బాక్స్ రెండింటికీ ఉంటుంది. తేడా అంతా పక్క డబ్బాలోనే. అక్కడి నుంచి కింది రోటరుకు (బ్లేళ్లు బిగించిన ఇరుసుకు) ఒకదాంట్లో చైన్, ఇంకోదాంట్లో వరసగా పళ్లచక్రాలు బలాన్ని అందిస్తాయి. బ్లేడు పలుగురాయికి తగిలినప్పుడల్లా ఆ దెబ్బ నేరుగా పక్క డబ్బాకే వస్తుంది. చైన్ సాగుతుంది, వదులై పళ్ల మీద ఎగురుతుంది, ఒకరోజు తెగుతుంది. కాబట్టి గరుసు నేల, రాళ్ల చేను అయితే గేర్‌దే కొనాలి. నంద్యాల వైపు రాయి లేని నల్లరేగడికి, కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కింద వరి మళ్లకు చైన్‌ది చాలు, బరువూ తక్కువ. ‘చైన్ తెగితే లింకు వేసుకుంటే పోతుంది కదా’ అంటారు. సాగిన చైన్‌కు కొత్త లింకు వేస్తే ఇంకోచోట తెగుతుంది. వేస్తే చైనూ, రెండు పళ్లచక్రాలూ కలిపి కొత్తవి వెయ్యాలి. అప్పుడు మిగిలిన డబ్బులు ఎక్కడున్నాయి?

అసలు కష్టం పాతది కొనేటప్పుడే. అందరూ బ్లేళ్లు, రంగు చూసి బేరమాడతారు. పక్క డబ్బా విప్పించరు.

విప్పే ముందు ఇంజిన్ ఆపి, పీటీఓ ఆపేసి, తాళంచెవి మీ జేబులో వేసుకోండి. హైడ్రాలిక్‌ను నమ్మి పైకెత్తిన రోటవేటర్ కింద చెయ్యి పెట్టొద్దు. నూనె కొంచెం దిగినా బండి మొత్తం కిందికి వస్తుంది. రెండు వైపులా గట్టి చెక్కదిమ్మెలు పెట్టాకే దగ్గరికి వెళ్లండి.

చైన్‌ది అయితే మూత తీయించి, పెద్ద పళ్లచక్రం మీద చుట్టుకున్న చోట, నడిమధ్యన చైన్‌ను బయటికి లాగి చూడండి. పంటిలో సగం బయటపడేంత లేస్తే ఆ చైన్ పనైపోయినట్టే. చైన్‌ను బిగించే టెన్షన్ బోల్టు చివరిదాకా బిగించి ఉన్నా అదే అర్థం. గేర్‌ది అయితే టార్చి వేసి ఒక్కో పన్నూ చూడాలి. అంచు రాలిన పన్ను ఒక్కటి కనబడినా వదిలేయండి.

ఇక పక్క డబ్బాలోని ఆయిల్. దీని దగ్గర నేనే మోసపోయాను. ఒక పాత గేర్ రోటవేటర్‌లో ఆయిల్ తేనెలా శుభ్రంగా ఉందని కొనేశాను. అది అప్పుడే మార్చిన ఆయిల్. రెండో రోజే చేలో పన్ను విరిగింది. అప్పటి నుంచీ, ముందు మీ చేలో అరగంట దున్నించి, తర్వాత ఆ డబ్బా కింది బోల్టు వదులు చేసి నాలుగు చుక్కలు అరచేతిలో పట్టుకోమంటాను. ఎండలో వేళ్ల మధ్య నలపండి. పాలు కలిసిన టీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయి. గోటికి గీరుకునే ఇనుప పలుకులు తగిలితే లోపల పళ్లు అరుగుతున్నాయి.

దున్నడం ఆపగానే పక్క డబ్బాకు చేతి వెనకవైపు ఆనించండి. వెచ్చగా ఉంటే సరే. ఆనించలేనంత కాలితే అడ్వాన్స్ ఇవ్వకండి.